రెండు కొసలు చూసుకుంటే చాలా?

నందిగామ నుంచి జగ్గయ్యపేటకి పటం మీద తిన్నగా గీత గీస్తే సుమారు 23 కిలోమీటర్లు. ఆ గీత వెంట ఇంటర్నెట్‌ని గాలిలో పంపిద్దామని మేనల్లుడు, అదంతా దండగ ఖర్చని మావయ్య. మావయ్య జగ్గయ్యపేటలో కేబుల్ టీవీ కాలం నుంచి తీగలు లాగి, ఇప్పుడు ఇంటింటికీ ఫైబర్ ఇస్తున్న మనిషి. మేనల్లుడిది నందిగామలో కాపురం. చుట్టుపక్కల బడులకి, క్వారీ ఆఫీసులకి, మిర్చి కోల్డ్ స్టోరేజీలకి రేడియో లింకులు బిగిస్తాడు. ఇద్దరికీ పని తెలుసు, ఇద్దరికీ ఈ నేల తెలుసు. అందుకే వాళ్ల వాదన రాసిపెడుతున్నాను. నా అభిప్రాయం దాచుకోను, మధ్యమధ్య చెబుతాను.

మావయ్య: ఏరా, ఊరూరా ఫైబర్ వచ్చాక మళ్లీ డిష్షులేమిట్రా? వెంట్రుకంత గాజు పోగులో పోయేదాన్ని నీ డిష్షు మోయగలదా?

మేనల్లుడు: మోయలేదు మావయ్యా. నా జత డిష్షులు మంచి లింకు మీద 100, 150 మెగాబిట్లు మోస్తే గొప్ప. నీ పోగు గిగాబిట్లు మోస్తుంది. అందులో నీతో పోటీ లేదు. నేనడిగేది ఒక్కటే. విజయవాడ నుంచి మనకొచ్చే తీగ ఏ దారిన వస్తోంది?

మావయ్య: ఎక్కువభాగం హైవే వెంటే. కొంత కరెంటు స్తంభాల మీద.

మేనల్లుడు: ఆ హైవే మీదికి 2023 జూలైలో ఐతవరం దగ్గర మున్నేరు వచ్చింది. 2024 సెప్టెంబరు 1న మళ్లీ వచ్చింది. రెండుసార్లూ హైదరాబాదు, విజయవాడ బళ్లన్నీ ఎక్కడివక్కడ నిలిచిపోయాయి. ఆ పూట తీగ తెగితే నీ స్ప్లైసింగ్ కుర్రాడు మిషను నెత్తిన పెట్టుకుని ఈదుకుంటూ వెళతాడా?

మావయ్య: వెళ్లడు. నీళ్లు తీశాక వెళతాడు. ఆ పూట మనకి కోదాడ వైపు నుంచి వస్తుంది. తీగకి రెండు వైపులా దారి ఉంటే ఒకటి తెగినా రెండోది పలుకుతుంది. దానికి డిష్షు ఎందుకు?

మేనల్లుడు: 2024లో అవే రోజుల్లో అటు తెలంగాణ సరిహద్దులో పాలేరు కూడా పొంగి రాకపోకలు ఆగాయి. గుర్తు తెచ్చుకో. తూర్పున మున్నేరు, పడమట పాలేరు, దక్షిణాన కృష్ణ. ఒకే వాన మూడింటినీ నింపుతుంది. నీ రెండు దారులూ ఒకే హైవేకి రెండు చివర్లు మావయ్యా. ఒకే కారణానికి రెండూ పోతే రెండు దారులున్నాయని ఎలా అంటాం?

(ఈ మాట దగ్గర మావయ్య కాసేపు మాట్లాడలేదు. మెట్ట ప్రాంతమంటే నీటి ఎద్దడి ఉండే నేలే తప్ప వరద మనది కాదని మనలో చాలామంది నమ్మకం. 2023, 2024 సంవత్సరాలు ఆ నమ్మకాన్ని కొట్టుకుపోయేలా చేశాయి. మేనల్లుడి వాదనలో అన్నింటికన్నా బలమైన ముక్క ఇదేనని నా ఉద్దేశం.)

మావయ్య: సరే, వరద మాట ఒప్పుకున్నా. మరి నువ్వు గీసిన గీత చూడు. నందిగామ మున్నేటికి ఇవతలే ఉంది, జగ్గయ్యపేటా ఇవతలే. నీ 23 కిలోమీటర్ల లింకు మున్నేరు దాటనే దాటదు కదరా! విజయవాడ వైపు తీగ తెగితే నందిగామకే ఇంటర్నెట్ ఉండదు. లేని సరుకుని గాలిలో నాకు పంపి ఏం లాభం?

మేనల్లుడు: అందుకే దాని వెనక ఇంకో అంగ ఉంది. కంచికచర్ల నుంచి నందిగామకి సుమారు 15 కిలోమీటర్లు. అది కీసర దగ్గర మున్నేరు మీదుగా వస్తుంది. ముందు ఏరు దాటాలి, ఆ తర్వాత జగ్గయ్యపేట.

మావయ్య: అట్లా చెప్పు. అంటే నువ్వు మొదలుపెట్టాల్సింది అక్కడ. నువ్వేమో జగ్గయ్యపేటలో నా మేడ మీద పైపు పాతుతానని వచ్చావు.

మేనల్లుడు: మేడ దొరకడం కష్టం కాబట్టి ముందు అడిగాను.

మావయ్య: మేడ సంగతి తర్వాత. నా మేడ మీద నుంచి చూస్తే నందిగామ కనపడుతుందా? సిమెంటు ఫ్యాక్టరీ పొగగొట్టాలు తప్ప ఏమీ కనపడదు.

మేనల్లుడు: కనపడినా చాలదు. రేడియో తరంగం దారంలా సన్నగా పోదు, నూలు కండెలా పోతుంది. కొసల్లో సన్నం, నడుమ లావు. 5.8 గిగాహెర్ట్జ్‌లో 23 కిలోమీటర్లకి నడిమధ్యన ఆ లావు గీతకి పైనా కిందా 17 మీటర్లు. అందులో 60 శాతమైనా ఖాళీగా ఉండాలి, అంటే 10 మీటర్లు. దీనికి తోడు భూమి గుండ్రం. అంత దూరానికి మధ్యలో నేల దాదాపు 8 మీటర్లు పైకి ఉబుకుతుంది. రెండూ కలిపితే 18 మీటర్లు. దాని కింద తాటిచెట్లు. తాడి 20 మీటర్లు ఉందనుకో, చదును నేల మీద రెండు వైపులా 40 మీటర్ల టవర్లు కావాలి.

మావయ్య: రేడియో వేలల్లో, టవరు లక్షల్లో. ఇదే కదా నేను మొదటి నుంచి మొత్తుకునేది!

మేనల్లుడు: అందుకే ఒక్క అంగలో వేయను. నేల ఎత్తుగా ఉన్న ఊళ్లో పంచాయతీ నీళ్ల ట్యాంకు మీద మజిలీ పెడతా. 12 కిలోమీటర్ల అంగ అయితే 10 మీటర్ల ఖాళీ సరిపోతుంది. మెట్ట నేల మనకి చేసిన ఉపకారం అదే. డెల్టాలో అంత మెరక దొరకదు. కొబ్బరిచెట్లు దాటాలంటే టవరు ఒక్కటే గతి.

మావయ్య: డెల్టా అంటే గుర్తొచ్చింది. పశ్చిమ గోదావరిలో అశ్విని అని పెట్టారు కదా, అదేమైంది?

మేనల్లుడు: అది మనవాళ్లు గర్వంగా చెప్పుకోవాల్సిన పని. బైర్రాజు ఫౌండేషన్ భీమవరం చుట్టుపక్కల పల్లెల్ని వైఫై రేడియోలతో కలిపింది. వీడియోలో పాఠాలు, డాక్టరుతో మాటలు. ఆ రోజుల్లో పల్లెకి ఫోను లైను మీద డయలప్ వస్తే అదే భాగ్యం. ఐఐటీ కాన్పూర్‌లో భాస్కరన్ రామన్, చేబ్రోలు కామేశ్వరి ఇట్లాంటి లింకుల మీదే ఏళ్ల తరబడి పనిచేశారు. ఇంట్లో వైఫై ఒక మూట పంపి, అందిందన్న జవాబు కోసం కొన్ని మైక్రోసెకన్లే ఆగుతుంది. 23 కిలోమీటర్లు పోయి రావడానికి కాంతి వేగంతోనే 150 మైక్రోసెకన్లు దాటుతుంది. జవాబు దారిలో ఉండగానే ఇది పోయిందనుకుని మళ్లీ పంపుతుంది, గలాభా అయిపోతుంది. అందుకని వంతులవారీగా మాట్లాడే పద్ధతి 2005లో ప్రతిపాదించారు. ఇప్పుడు నేను కొనే ప్రతి రేడియోలోనూ ఏదో ఒక రూపంలో ఆ వంతుల పద్ధతి ఉంది. వెనెజువెలాలో ఎర్మానో పియత్రోసెమోలి అనే ఆయన 2007లో ఇట్లాంటి మార్పులు చేసిన మామూలు వైఫై రేడియోలతోనే 382 కిలోమీటర్ల లింకు నిలబెట్టాడు, రెండు కొండల మధ్య.

మావయ్య: పద్ధతి గొప్పదే. నేనడిగింది అశ్విని ఏమైందని. 2009 జనవరిలో సత్యం కుంభకోణం బయటపడింది. ఫౌండేషన్ వెనకున్న సత్యం పెద్దల దన్ను పోయింది, పనులు సన్నగిల్లాయి. టవర్లు నిలబడ్డాయి గానీ వాటి కింద నిలబడే మనిషి లేకుండా పోయాడు. అదీ నా భయం. నువ్వు రేపు హైదరాబాదులో ఉద్యోగం చూసుకుని వెళ్లిపోతే నా మేడ మీద డిష్షు ఎవడు చూడాలి?

మేనల్లుడు: అదే పని తమిళనాడులో నిలబడింది. థేని దగ్గర అరవింద్ కంటి ఆసుపత్రి పల్లెల్లో కంటి కేంద్రాలు పెట్టి, బర్క్లీ యూనివర్సిటీ వాళ్ల రేడియో లింకులతో డాక్టరు రోగిని దూరం నుంచే చూసే ఏర్పాటు చేసింది. పరిశోధకులు వెళ్లిపోతారని తెలుసు కాబట్టి ఆసుపత్రి మనుషులకే పని నేర్పారు. అవసరం ఆసుపత్రిది, మనుషులు ఆసుపత్రి వాళ్లు. ధర్మశాలలో ఎయిర్‌జల్దీ కూడా అంతే. కొండల్లో టిబెటన్ల బడులకీ ఆఫీసులకీ అని మొదలై, నెలనెలా చందా కట్టే కనెక్షన్ల మీద బతికింది. వాళ్ల అనుభవాన్ని 2008లో ఒక పరిశోధన పత్రంగా రాశారు. అందులో ఏముందో తెలుసా? రేడియోలు చెడింది వానకీ కాదు, దూరానికీ కాదు. చాలామటుకు కరెంటు వల్ల. లైను మీద 1000 వోల్టుల దాకా పోట్లు, ఒక్కోసారి 70 వోల్టులకి పడిపోవడం.

మావయ్య: అది నాకు పత్రం చెప్పాలా? నేను ఇంటింటికీ ఇచ్చే పెట్టెల అడాప్టర్లు మాడేది దాంతోనే. వ్యవసాయ త్రీఫేజు వచ్చి మోటార్లన్నీ ఒక్కసారి ఆన్ అయితే వోల్టేజీ ఎట్లా ఊగుతుందో మెట్ట ఊళ్లో ఎవణ్నడిగినా చెబుతాడు. ఇప్పుడు చెప్పు, నీ నీళ్ల ట్యాంకు మజిలీకి కరెంటు ఎక్కడిది?

మేనల్లుడు: సోలార్ పలక, బ్యాటరీ. డిష్షు రేడియో తినేది పది వాట్ల లోపు. మజిలీలో రెండు రేడియోలు, ఒక చిన్న స్విచ్చి. గ్రిడ్డుతో సంబంధమే పెట్టను.

మావయ్య: పెట్టకపోయినా పిడుగు వదలదు. ట్యాంకు మీద ఇనప పైపు పాతావంటే ఊరికంతటికీ ఎత్తైన మేకు అదే. ఎర్తు గొయ్యి తవ్వి, రాగి పలక వేసి, ఉప్పూ బొగ్గూ పోసి, ఎండాకాలం నీళ్లు పోసే మనిషి కావాలి. మెట్టలో సున్నపురాయి నేల, మే నెలలో గొయ్యి ఎండిపోతే ఎర్తింగు పేరుకే. ఈ నీళ్లు పోసే పని నీ అంచనాలో ఎక్కడ రాశావు?

(ఇక్కడ నేను పూర్తిగా మావయ్య పక్షం. వాడి కాగితంలో డిష్షులు, రేడియోలు, కేబుల్, క్లాంపులు అన్నీ ఉన్నాయి. గొయ్యిలో నీళ్లు పోసే మనిషి జీతం మాత్రం లేదు. ప్రభుత్వం వేసినా, కంపెనీ వేసినా, కుర్రాడు వేసినా అంచనా కాగితాలన్నింటిలోనూ ఇదే ఖాళీ కనిపిస్తుంది.)

మేనల్లుడు: రాయలేదు, రాస్తాను. కానీ మావయ్యా, తీగకి కాపలా ఎంతో అదీ చెప్పు. కంచికచర్ల నుంచి జగ్గయ్యపేట దాకా నీ తీగ 40 కిలోమీటర్ల పైన. అందులో ఏ గజం దగ్గర జేసీబీ పన్ను తగిలినా ఊరంతా చీకటి. ఏ స్తంభం మీద ఈదురుగాలికి కొమ్మ పడినా అంతే. నాకు చూసుకోవాల్సింది రెండు కొసలు. మధ్యలో ఎవడి పొలం తవ్వినా నాకేం?

మావయ్య: రెండు కొసలన్నావు, మజిలీతో మూడు చోట్లయ్యాయి, కంచికచర్లతో నాలుగు. నాలుగు చోట్లా మేడ యజమాని, ట్యాంకు తాళం, సోలార్ పలక దొంగ, డిష్షు వెనక తేనెపట్టు. తీగ తెగితే ఓటీడీఆర్ పెట్టి ఇక్కడికి ఎన్ని మీటర్ల అవతల తెగిందో చూస్తా. నీ లింకు పడిపోతే ఏ కొస అని నీకెట్లా తెలుస్తుంది?

మేనల్లుడు: సిగ్నల్ అంకె రోజూ రాసుకుంటే తెలుస్తుంది. ఒక్కసారిగా పడితే డిష్షు కదిలింది, లేదా రేడియో పోయింది. వారాల తరబడి కొద్దికొద్దిగా తగ్గితే కనెక్టరులోకి నీళ్లు. పగలంతా బాగుండి, పుష్యమాసం తెల్లవారుజామున ఊగితే గాలి పొరల పని. నేల చల్లబడి పైగాలి వెచ్చగా ఉంటే తరంగం వంగిపోతుంది. అంకె బాగానే ఉండి వేగం మాత్రం పడిపోతే పక్కవాడి రేడియో.

మావయ్య: పక్కవాడి రేడియో! అసలు విషయానికి వచ్చావు. నీ 5.8 లైసెన్సు లేని బ్యాండు. 2018 అక్టోబరులో ఆరుబయట కూడా ఎవడైనా వాడుకోవచ్చని తలుపులు తెరిచారు. నీకు తెరిచిన తలుపే అందరికీ తెరిచారు. సెల్ కంపెనీల మైక్రోవేవ్ డ్రమ్ములకి లైసెన్సు ఉంది, వాళ్ల గీతలోకి ఎవడైనా వస్తే అడిగే దిక్కు ఉంది. నీకెవరున్నారు?

మేనల్లుడు: ఎవరూ లేరు. చేబ్రోలు కామేశ్వరి, రామన్ బృందం 2006లో దూరపు లింకుల్ని కొలిచి తేల్చింది కూడా ఇదే. పల్లెల్లో లింకు దెబ్బతినడానికి ప్రతిబింబాలకన్నా బయటి రేడియోల జోక్యమే ముఖ్య కారణమని. అందుకే పల్లె మీదుగా గీత గీయాలి, పట్నం మీదుగా కాదు. పెద్ద డిష్షు వాడాలి, వినే చూపు సన్నగా ఉండాలి. 65 సెంటీమీటర్ల డిష్షుకి చూపు అయిదారు డిగ్రీలే.

మావయ్య: అయిదు డిగ్రీల చూపుని 15 కిలోమీటర్ల అవతల ఉన్న పళ్లేనికి గురి పెట్టడం ఒక పూటలో అయ్యే పనేనా?

మేనల్లుడు: ఓపిక ఉంటే అవుతుంది. ఇక్కడ ఒకడు, అక్కడ ఒకడు, చెవిలో ఫోను. ఇద్దరూ ఒకేసారి కదపకూడదు, అది మొదటి నియమం. బోల్టు పావు మలుపు తిప్పి, చెయ్యి తీసేసి, అంకె నిలబడేదాకా ఆగాలి. చెయ్యి డిష్షు మీద ఉంటే అంకె అబద్ధం చెబుతుంది. మైనస్ 84 వస్తుంది, లింకు కలుస్తుంది, పైనున్నవాడు సంబరంగా బిగించేస్తాడు. కానీ కాగితం మీద మన లెక్క మైనస్ 65. చట్టం ఒప్పే 36 డీబీఎం బలంతో పంపి, 15 కిలోమీటర్లలో పోయే 131 డీబీ తీసేసి, అవతలి డిష్షు ఇచ్చే 30 కలిపితే వచ్చేది అదీ. 19 ఎక్కడికి పోయాయి? డిష్షుకి అసలు చూపు పక్కన చిన్న చిన్న దొంగచూపులుంటాయి. వీడు పట్టుకున్నది అందులో ఒకటి. ఇంకా తిప్పితే అంకె బాగా పడిపోయి, మళ్లీ లేచి, అప్పుడు అసలు శిఖరం దొరుకుతుంది. ఆ పడిపోయే చోట భయపడి వెనక్కి తిప్పేసేవాళ్లే ఎక్కువ. చివరికి నట్టు బిగించేటప్పుడు డిష్షు అరడిగ్రీ తిరుగుతుంది. ఆ తిరుగుడు ముందే లెక్కలో పెట్టుకుని ఒక మిల్లీమీటరు ఎడంగా ఆపి బిగించాలి.

మావయ్య: స్ప్లైసింగూ అంతే అనుకో. పోగు కొస నిలువుగా తెగకపోతే మిషను ఎంత ఖరీదైనదైనా అతుకు పనికిరాదు. పని చేతిలో ఉంటుంది. అది నేను కాదనను. నా మాట వేరు. నువ్వు కంచికచర్ల గీత ఏరు మీదుగా వేస్తున్నావు. నీళ్ల మీద తరంగం తిరిగి కొట్టదా? వరద వచ్చినప్పుడు మున్నేరు అరకిలోమీటరు అద్దంలా పరుచుకుంటుంది. ఏ రోజు కోసం లింకు వేశావో ఆ రోజే పడిపోతే?

మేనల్లుడు: ఆ ప్రశ్నే నాకూ నిద్ర పట్టనివ్వడం లేదు. నీళ్ల మీద పడి వచ్చే తరంగం, తిన్నగా వచ్చేదీ ఎదురెదురైతే ఒకదాన్నొకటి చంపుకుంటాయి. ఒక కొస ఎత్తుగా, ఒక కొస పొట్టిగా పెడితే తిరిగి కొట్టే చోటు పొట్టి కొస వైపు జరుగుతుంది. ఏటి మీద కాకుండా ఏ పత్తి చేల మీదో పడేలా ఎత్తులు సరిచూసుకోవాలి. కంచికచర్ల వైపు ఎత్తు, నందిగామ వైపు పొట్టి పెట్టాలా, అటుదిటా అన్నది పొలాలు తిరిగి చూసుకుని తేల్చాలి. వాన సంగతి నీకు బెంగ వద్దు. 5.8లో కుంభవృష్టి అయినా పోయేది కొద్ది డీబీలే. వానకి చచ్చేవి 60 గిగాహెర్ట్జ్ రేడియోలు. పొగమంచుకి చచ్చేవి కాంతితో పంపే లింకులు.

మావయ్య: కాంతి లింకులు 2,000 పెడతామని 2017 డిసెంబరులో గూగుల్ ఎక్స్‌తో మన ప్రభుత్వం ఒప్పందం ప్రకటించింది. అదే నెల 27న రాష్ట్రపతి కోవింద్ గారు ఫైబర్‌నెట్ ప్రారంభించారు. నెలకి 149 రూపాయలన్నారు, చివరి అంచె మాలాంటి కేబుల్ ఆపరేటర్లకే ఇచ్చారు. కాంతి లింకు మన మండలాల్లో నేనైతే ఒక్కటీ చూళ్లేదు. స్తంభాల మీద తీగ మాత్రం కళ్ల ముందుంది. నేను నమ్మేది కళ్ల ముందున్నదాన్ని.

మేనల్లుడు: తీగ తీసేయమని నేనన్నానా? నీ తీగ ఉన్నన్నాళ్లూ అంతా దాని మీదే పోతుంది. తెగిన గంట నుంచి అతికే గంట దాకా నా లింకు. ఆసుపత్రి, తహసీల్దారు ఆఫీసు, పోలీసు స్టేషను, ముంపు ఊళ్ల సచివాలయాలు. సినిమాలు చూసేవాళ్లకి ఆ పూట లేదు. 100 మెగాబిట్లు దానికి ధారాళం.

మావయ్య: ఆ మాట ముందే అంటే సగం గొడవ లేదు. సరే, నా మాట విను. కంచికచర్ల నుంచి నందిగామ అంగ వేయి. ఏరు దాటేది అదొక్కటే, వరద నాడు నా మనిషి వెళ్లలేని చోటు కూడా అదొక్కటే. నందిగామ నుంచి జగ్గయ్యపేట దాకా ఏరు అడ్డం లేదు, తీగ తెగితే అర్ధరాత్రైనా మేం బండి మీద పోయి అతుకుతాం. అక్కడ నీకు మజిలీ, ట్యాంకు తాళం, సోలారు ఏమీ అక్కర్లేదు. సగం ఖర్చు మిగులుతుంది, దాంతో విడి రేడియోలు రెండు కొని నందిగామ బీరువాలో పెట్టు.

మేనల్లుడు: మరి పెనుగంచిప్రోలు? అక్కడ మున్నేరు ఊళ్లోకే వస్తుంది. వేదాద్రి, ముక్త్యాల వైపు? క్వారీల్లో పేలుళ్లకి, లారీలకి స్తంభాలు వాలిపోయే చోట? జగ్గయ్యపేట దాకా గీత ఉంటేనే ఆ ఊళ్లకి పాయ తీయగలను. ఏరు దాటించి నందిగామలో ఆపేస్తే, మధ్య ఊళ్లన్నీ నీ ఒక్క తీగ మీదే ఉంటాయి.

మావయ్య: ఆ ఊళ్లలో ఎక్కేవాడెవడో ముందు చెప్పు. ప్రతి ఊళ్లో పేరు పెట్టి ఒక మనిషి, నెలకి ఇంత అని జీతం, ఆ జీతం ఇచ్చేదెవరో సంతకం. పంచాయతీ అంటే పంచాయతీ తీర్మానం కాగితం. అది తెచ్చిన ఊరికి నేనే నా స్తంభాల మీద నుంచి క్లాంపులిస్తా, మేడా ఇస్తా.

మేనల్లుడు: తీర్మానాల కోసం కూర్చుంటే ఈ వానాకాలం కూడా వచ్చేస్తుంది మావయ్యా.

మావయ్య: కంచికచర్లకి తీర్మానం అక్కర్లేదుగా. అక్కడ మేడ నేను మాట్లాడతా. మా వ్యాపారంలో పాతవాళ్లున్నారు. ఎర్తు గొయ్యి మాత్రం నేను చెప్పిన చోట, నేను చెప్పిన లోతు. పెనుగంచిప్రోలు మాట మనిషి దొరికాక మాట్లాడదాం.

మేనల్లుడు: మనిషిని నేను చూపిస్తా. స్కూల్లో కంప్యూటర్లు చూసుకునే కుర్రాడొకడున్నాడు, తాళ్లు కట్టుకుని ఎక్కడం నేర్పాను. జీతం సంగతే తేలాలి.

మావయ్య: అదే కదరా నేను ఇందాకట్నుంచీ అడిగేది.